పరుగుకు ముందు ఒళ్ళు వేడెక్కాలి, స్ట్రెచింగ్ తర్వాత

ప్రశ్న: అన్నా, తెలంగాణ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు, అంటే పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ పరీక్షలకు ప్రాక్టీస్ చేస్తున్నా. పొద్దున ఐదున్నరకు గ్రౌండ్‌కు పోయి, పది నిమిషాలు గట్టిగా స్ట్రెచింగ్ చేసి, 1600 మీటర్లు కొడతా. రెండో రౌండ్‌కే కుడి తొడ వెనక పట్టేస్తోంది. అయిపోగానే బండెక్కి ఇంటికి వచ్చేస్తా. ముందు ఇంకా ఎక్కువ సాగదీయాలని ఒక ఫ్రెండ్ అంటాడు. వార్మప్‌తో ఉన్న బలమంతా పోతుంది, నేరుగా పరుగెత్తు అని ఇంకొకడు అంటాడు. అయినా ఈవెంట్స్ రోజు గంటల తరబడి కూర్చోబెడతారు కదా, వార్మప్ చేసి ఏం లాభం?

సమాధానం:

తమ్ముడూ, ఆ ఇద్దరి సలహాలూ పక్కన పెట్టు. పరుగుకు ముందు ఒంటికి కావాల్సింది వేడి, కదలిక. సాగదీసి అలాగే పట్టి ఉంచే స్ట్రెచింగ్ పరుగు అయిపోయాక చేసుకోవాల్సిన పని. నువ్వు తర్వాత చేయాల్సింది ముందు చేస్తున్నావు, ముందు చేయాల్సింది అసలు చేయడం లేదు.

పోలీసు, ఆర్మీ సెలెక్షన్లకు పిల్లల్ని తయారుచేసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. ఏ ఊరి గ్రౌండ్‌కు వెళ్ళినా ఇదే చూస్తున్నాను. పిల్లలు చీకటితోనే వస్తారు. చలికి వణుకుతూ రెయిలింగ్ మీద మడమ ఆనించి, ముఖం మోకాలికి తగిలేదాకా కుదుపులు ఇస్తూ వంగుతారు. అలా కుదిపినప్పుడు కండరం వదులు కాదు, తెగిపోకుండా తనను కాపాడుకోవడానికి ఇంకా బిగుసుకుంటుంది. అది ఒంట్లో పుట్టుకతో ఉన్న ప్రతిచర్య, మన చేతిలో లేదు. ఆ బిగువుతోనే వెళ్ళి రౌండ్లు మొదలుపెడతారు. రెండో రౌండ్‌కు తొడ వెనక పట్టేయక ఏం చేస్తుంది?

వేడి ఎందుకు కావాలో ముందు అర్థం చేసుకో. చలికాలం పొద్దున్నే కొబ్బరినూనె సీసా బోర్లిస్తే చుక్క కూడా రాదు, కాస్త ఎండ తగిలితే జారుతుంది. కండరం లోపలి బిగువు కూడా అలాగే వేడికి తగ్గుతుంది. కండరం వేడి ఒక్క డిగ్రీ పెరిగితే అది చూపించే శక్తి 2 నుంచి 5 శాతం దాకా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. మెల్లగా జాగింగ్ మొదలుపెడితే మూడు నుంచి ఐదు నిమిషాల్లో తొడ కండరం గబగబా వేడెక్కుతుంది. పది నుంచి ఇరవై నిమిషాల మధ్య ఆ వేడి ఒక స్థాయికి చేరి అక్కడ నిలబడుతుంది. ఉన్నచోటే నిలబడి సాగదీసుకుంటే ఈ వేడి రాదు.

రక్తం సంగతి కూడా ఉంది. ఊరికే కూర్చున్నప్పుడు గుండె పంపే రక్తంలో కండరాలకు చేరేది దాదాపు అయిదో వంతు. గట్టిగా పరుగెత్తేటప్పుడు 80 శాతం పైగా వాటికే వెళ్తుంది. ఇంత రక్తాన్ని పొట్ట నుంచి, కిడ్నీల నుంచి కాళ్ళకు మళ్ళించడానికి ఒంటికి కొంత టైమ్ కావాలి. వార్మప్ లేకుండా పరుగు అందుకున్నవాడికి మొదటి రౌండ్‌లోనే ఆయాసం ముంచుకొస్తుంది. తనకు స్టామినా లేదని దిగులు పడతాడు. ఎంతోమంది పిల్లలు ఈ ఒక్క అపోహతో ప్రాక్టీస్ మానేయడం చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక పట్టి ఉంచే స్ట్రెచింగ్ ముందే చేస్తే ఏమవుతుందో చాలామంది పరీక్షించారు. వాటన్నిటినీ కలిపి చూసి 2016లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. ఒక్కో కండరాన్ని 60 సెకన్లు, అంతకు మించి సాగదీస్తే ఆ వెంటనే బలం, వేగం, జంప్ లాంటివి సగటున 4.6 శాతం తగ్గాయి. 60 సెకన్ల లోపు అయితే తగ్గింది 1.1 శాతమే. కదులుతూ చేసే స్ట్రెచింగ్‌తో కాస్త పెరిగాయి. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో లాంగ్ జంప్‌కు దూకాల్సింది 4 మీటర్లు. అందులో 4 శాతం అంటే 16 సెంటీమీటర్లు. లాంగ్ జంప్‌లో పోయేవాళ్ళు చాలామంది అంతకంటే తక్కువ తేడాతోనే పోతారు.

గాయాలు కాకుండా కాపాడుతుంది కదా అంటావేమో. ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1,538 మంది మీద 12 వారాల పాటు ఒక పరీక్ష చేశారు, ఫలితాలు 2000లో వచ్చాయి. అందరితోనూ వార్మప్ చేయించారు. ఒక గుంపు మాత్రం అదనంగా కాళ్ళలోని ఆరు ముఖ్యమైన కండరాలను 20 సెకన్ల చొప్పున సాగదీసింది. చివరికి చూస్తే కాళ్ళ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. వాళ్ళూ నీలాంటి కుర్రాళ్ళే, పరుగులు, మార్చింగ్ ఉన్న శిక్షణే. మన పిల్లలకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

అలాగని ముందు స్ట్రెచింగ్ చేస్తే ఏదో ప్రమాదం అని భయపడకు. జాగింగ్ అయ్యాక పిక్క బిగువుగా అనిపిస్తే 15, 20 సెకన్లు సాగదీసుకుని మళ్ళీ కదలికలోకి వచ్చేస్తే ఏ నష్టమూ లేదు. చల్లటి ఒంటితో పది నిమిషాలు దాని మీదే ఉండటం, దాన్నే వార్మప్ అనుకోవడం, ఇవి మానుకో.

రేపటి నుంచి ఇలా చెయ్యి. మొదటి ఆరేడు నిమిషాలు జాగింగ్. పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత మెల్లగా ఉండాలి. స్వెటర్ తీయకు. సన్నగా చెమట పట్టాలి, రొప్పు రాకూడదు.

ఆ తర్వాత ఏడెనిమిది నిమిషాలు కదులుతూ చేసేవి. ముందు చీలమండలు తిప్పు, మునివేళ్ళ మీద లేచి దిగు. తర్వాత కాళ్ళు ఊపడం. ఇది నీ తొడకు చాలా ముఖ్యం కాబట్టి వివరంగా చెబుతాను. గోడో స్తంభమో ఎడమ చేత్తో పట్టుకుని నిటారుగా నిలబడు. కుడి కాలిని తుంటి నుంచి ముందుకు, వెనక్కు ఊపు. మొదటి నాలుగైదు ఊపులు మోకాలి ఎత్తు దాటకూడదు. ఆ తర్వాత ఒక్కో ఊపుకు కాస్త కాస్త ఎత్తు పెంచు. కాలు పైకి లేస్తుంటే నడుము గూనిగా వంగుతోందంటే హద్దు దాటావని గుర్తు, అక్కడి నుంచి ఒక జానెడు తగ్గించు. తొడ వెనక లాగుతున్నట్టు తెలియాలి గానీ చురుక్కుమనకూడదు. ఒక్కో కాలికి పది పన్నెండు చాలు. అదే స్తంభానికి ఎదురుగా తిరిగి కాలిని అడ్డంగా కూడా ఊపు, గజ్జల దగ్గర కండరాలు వదులవుతాయి.

తర్వాత అంగలు. పెద్ద అంగ వేసి, వెనక మోకాలు నేలకు బెత్తెడు ఎత్తులో ఆగేదాకా దిగి, లేచి, రెండో కాలితో ఇంకో అంగ. ఇలా ఒక పదిహేను మీటర్లు. ఆ పైన మోకాళ్ళు ఎత్తుతూ పరుగు, మడమలు పిర్రలకు తగిలేలా పరుగు, ఎగిరెగిరి వేసే స్కిప్పింగ్ అడుగులు. ఒక్కోటీ ఇరవై మీటర్లు వెళ్ళి నడుచుకుంటూ రా. గుంజీళ్ళు ఒక పది తీస్తే ఇంకా మంచిది, మన పెద్దవాళ్ళు తాలింఖానాల్లో ఒళ్ళు వేడెక్కడానికి చేసినవి అవే. సూర్య నమస్కారాలు అలవాటుంటే అవీ పనికొస్తాయి. అయితే ఒక భంగిమలో ఆగిపోకుండా ఊపిరితో పాటు కదులుతూ వేయాలి.

చివరగా స్ట్రైడ్స్. 60 నుంచి 80 మీటర్లు, మూడు నాలుగు. మెల్లగా అందుకుని, మధ్యలో మూడొంతుల వేగానికి వచ్చి, మెల్లగా వదిలేయాలి. వెంటనే ఆగిపోవద్దు. వీటిలో చివరిదాన్ని వారానికి ఒకటి రెండు రోజులు 200 మీటర్లకు పెంచి, పరీక్ష రోజు పరుగెత్తే వేగంతో కొట్టు. 2022 నోటిఫికేషన్‌లో 1600 మీటర్లకు ఇచ్చింది 7 నిమిషాల 15 సెకన్లు. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద ఒక్కో రౌండ్‌కు 1 నిమిషం 48 సెకన్లు. 7 నిమిషాల్లో ముగించాలనుకుంటే 200 మీటర్లు 52, 53 సెకన్లలో రావాలి. ఆ అడుగు వేగం కాళ్ళకు ముందే తెలిసి ఉంటే మొదటి రౌండ్‌లో గుంపుతో పాటు కొట్టుకుపోవు.

వార్మప్‌తో బలమంతా పోతుందన్న నీ ఫ్రెండ్‌కు ఒక సంగతి చెప్పు. 800 మీటర్ల రన్నర్లతో ఒక పరీక్ష చేశారు, 2013లో అచ్చయింది. ఒక రోజు మామూలు జాగింగ్, చిన్న చిన్న స్ట్రైడ్స్‌తో వార్మప్ చేయించారు. ఇంకో రోజు స్ట్రైడ్స్ తగ్గించి, రేసు వేగంతో 200 మీటర్లు కలిపారు. ఇరవై నిమిషాలు విశ్రాంతి ఇచ్చి పరుగెత్తించారు. కష్టంగా వార్మప్ చేసిన రోజే సగటున 1.2 సెకన్లు ముందు వచ్చారు. నీకు ఇరవై నిమిషాల వార్మప్‌కే అలసట వస్తుంటే తగ్గించాల్సింది వార్మప్ కాదు, నెల రోజుల పాటు వారానికి మూడు రోజులు మెల్లగా ఎక్కువ దూరం పరుగెత్తి దమ్ము పెంచుకోవాలి.

ఈవెంట్స్ రోజు గురించి అడిగావు. నీ ప్రశ్నలో అన్నిటికంటే విలువైనది ఇదే, ఎవరూ దీని గురించి ముందే ఆలోచించరు. సర్టిఫికెట్ల పరిశీలన, టైమ్ కొలిచే చిప్ కట్టడం, బ్యాచ్‌లుగా కూర్చోబెట్టడం, ఇవన్నీ ఎంతసేపు పడతాయో మన చేతిలో ఉండదు. ఒకసారి వేడెక్కిన కండరం ఊరికే కూర్చుంటే పదిహేను ఇరవై నిమిషాల్లో చాలావరకు చల్లారిపోతుంది. కాబట్టి గేటు బయటే మొత్తం వార్మప్ చేసేసి లోపల గంటన్నర నేల మీద కూర్చుంటే నువ్వన్నట్టు లాభం లేదు. బయట పది నిమిషాలు జాగింగ్, కాళ్ళు ఊపడం వరకే చేసుకో. ట్రాక్ ప్యాంటు, స్వెటర్ పిలుపు వచ్చేదాకా తీయకు. వేసవిలో సరే గానీ, 2022 ఈవెంట్స్ డిసెంబరు చలిలో మొదలయ్యాయి, అలాంటి పొద్దున ఒక్క పొర బట్ట కూడా చాలా తేడా తెస్తుంది.

లోపల కూర్చోబెట్టినప్పుడు పాదాలను ముందుకు వెనక్కు ఆడిస్తూ ఉండు, పిక్కలు, తొడలు బిగించి వదులు. నీకంటే ముందు బ్యాచ్ ట్రాక్ ఎక్కినప్పుడు నీకు ఏడెనిమిది నిమిషాలు దొరుకుతాయి. అదే నీ అసలు వార్మప్ టైమ్. లేచి నిలబడనిస్తే ఉన్నచోటే మార్చింగ్, మునివేళ్ళ మీద లేవడం, పది గుంజీళ్ళు, మోకాళ్ళు ఎత్తుతూ ఉన్నచోట పరుగు రెండు మూడు విడతలు. దీనికి రెండు గజాల చోటు చాలు. ప్రాక్టీస్‌లో కూడా వారానికి ఒక రోజు ఇలాగే చెయ్యి. పూర్తి వార్మప్ చేసి, అరగంట కూర్చుని, ఉన్నచోటే ఐదు నిమిషాలు వేడెక్కి 1600 కొట్టు. ఆ రోజు వచ్చే టైమే నీ నిజమైన టైమ్.

పరుగు గట్టెక్కాక లాంగ్ జంప్, షాట్‌పుట్‌లకు మళ్ళీ ఎదురుచూపే. పరుగు అయిపోయింది కదా, ఒళ్ళు వేడిగానే ఉంటుంది అనుకుని కూర్చుండిపోతారు. తొడ వెనక కండరం చిరిగేది ఎక్కువగా పూర్తి వేగంతో ఉరికేటప్పుడు, పలక మీద కాలు పెట్టి ఎగిరే క్షణంలో. మూడు ఛాన్సులు ఉన్నాయని మొదటి జంప్‌ను వార్మప్‌గా వాడుకోవద్దు. పేరు పిలిచేలోపు కాళ్ళు ఊపి, నాలుగు గంతులు వేసి సిద్ధంగా ఉండు. షాట్‌పుట్‌కు భుజాలు గుండ్రంగా తిప్పడం, నడుము రెండు వైపులా తిప్పడం, మణికట్టు వెనక్కు వంచడం చాలు. 7.26 కిలోల గుండును చల్లటి మణికట్టుతో తోస్తే బెణుకుతుంది.

ఇప్పుడు పరుగయ్యాక చేయాల్సినవి. గీత దాటగానే మోకాళ్ళ మీద చేతులు పెట్టి ఆగిపోకు, నేల మీద వాలిపోకు. పరుగులో కాళ్ళ కండరాలు బిగిసి వదిలే ప్రతిసారీ రక్తాన్ని పైకి గుండెకు తోస్తుంటాయి. ఒక్కసారిగా ఆగితే ఆ రక్తం కాళ్ళలో నిలిచిపోయి కళ్ళు తిరుగుతాయి. గీత దగ్గర పిల్లలు పడిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. ఐదు నుంచి పది నిమిషాలు నడువు, ఊపిరి మామూలయ్యాక గుక్క గుక్కగా నీళ్ళు తాగు.

అప్పుడు స్ట్రెచింగ్. వెల్లకిలా పడుకుని, కుడి పాదానికి టవల్ వేసి, రెండు కొసలూ చేతులతో పట్టుకుని కాలిని పైకి లేపు. మోకాలు కాస్త వంగినా ఫరవాలేదు. ఎడమ కాలు నేలకు ఆనే ఉండాలి. లాగుతున్నట్టు తెలిసిన చోట ఆగి, 30 సెకన్లు ఊపిరి వదులుతూ ఉండు. నొప్పి దాకా వెళ్ళకు. పిక్కకు గోడను తోస్తూ రెండు రకాలు చెయ్యి. వెనక మోకాలు నిటారుగా పెట్టి ఒకసారి, అదే మోకాలు కొంచెం వంచి ఇంకోసారి. పిక్కలో రెండు కండరాలున్నాయి, మోకాలు వంచకపోతే లోపలిదానికి లాగుడు సరిగా అందదు. తొడ ముందు భాగానికి చీలమండ పట్టుకుని మడమను పిర్రకు తెచ్చుకో. ఒక్కోటీ 30 సెకన్లు, రెండేసి సార్లు. అంతకంటే ఎక్కువసేపు పట్టి ఉంచక్కర్లేదు. తొడ వెనక కండరం మీద ఆరు వారాలు చేసిన పరీక్షలో 30 సెకన్లకు వచ్చిన ఫలితమే 60 సెకన్లకూ వచ్చింది.

దీనితో మర్నాటి ఒళ్ళునొప్పులు పోతాయని చాలామంది చెబుతారు. ఆ ఆశ పెట్టుకోకు. 12 పరీక్షలను కలిపి 2011లో చేసిన సమీక్షలో, పరుగయ్యాక స్ట్రెచింగ్ వల్ల మర్నాడు నొప్పి వంద పాయింట్లలో ఒక్క పాయింటే తగ్గింది. నొప్పికి కారణం లాక్టిక్ యాసిడ్ నిలిచిపోవడం అనే మాట కూడా నిజం కాదు. అది గంటలోపే రక్తంలోంచి దాదాపుగా వెళ్ళిపోతుంది. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండే నొప్పి, అలవాటు లేని పనికి కండరం పోగులు సన్నగా దెబ్బతినడం వల్ల వస్తుంది. నిద్ర, తిండి, మర్నాడు మెల్లగా నడక, వీటితోనే తగ్గుతుంది.

అయినా స్ట్రెచింగ్ మానొద్దని ఎందుకంటున్నానంటే, వారాల తరబడి చేస్తే తుంటి, చీలమండ కదలిక పెరుగుతుంది, అంగ సాఫీగా పడుతుంది. ఇంకో మేలు నీకు వెంటనే పనికొస్తుంది. రోజూ రెండు కాళ్ళనూ ఒకేలా టవల్‌తో లేపి చూస్తుంటే కుడికీ ఎడమకీ తేడా ఎంతుందో, పెరుగుతోందో తగ్గుతోందో నీకే తెలుస్తుంది. గాయం పెద్దది కాకముందే ఒళ్ళు ఇచ్చే కబురు అది.

ఇంతా చెప్పాక నీ కుడి తొడ సంగతి. అది వార్మప్ లేకపోవడం వల్ల పట్టేస్తుంటే పై మార్పులతో రెండు వారాల్లో తేడా కనిపించాలి. కానీ పదే పదే పట్టే తొడకు చాలాసార్లు తక్కువైంది బలం. దానికి మందు స్ట్రెచింగ్‌లో లేదు, నార్డిక్ అనే వ్యాయామంలో ఉంది. మెత్తటి చోట మోకాళ్ళ మీద నిలబడు. వెనక నుంచి ఫ్రెండ్‌ను చీలమండలు నేలకు అదిమి పట్టుకోమను. తల నుంచి మోకాళ్ళ దాకా కర్రలా ఉంచి, వీలైనంత మెల్లగా ముందుకు వాలు. ఇక ఆపలేననిపించినప్పుడు చేతుల మీద పడి, చేతులతోనే తోసుకుని లేచి మళ్ళీ చెయ్యి. వారానికి రెండు రోజులు, మొదట్లో రెండు విడతలుగా నాలుగైదు చొప్పున చాలు. ఆటగాళ్ళ మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే ఈ ఒక్కదానితో తొడ వెనక గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. మొదటి వారం నొప్పులు బాగా ఉంటాయి, కాబట్టి పరుగు అయిపోయాకే చెయ్యి. ఈవెంట్స్‌కు పది రోజుల ముందు కొత్తగా మొదలుపెట్టొద్దు.

అయితే పరుగు మధ్యలో టక్కున తెగినట్టు అనిపించినా, వేలితో నొక్కితే ఒకే చోట సూదిలా నొప్పి ఉన్నా, కమిలి నల్లబడినా, కుంటుతున్నా ఇవేవీ చేయకు. అది చిరుగు. దాన్ని సాగదీస్తే ఇంకా చిరుగుతుంది. తొడ వెనక నుంచి పాదం దాకా తిమ్మిరి, మంట జారుతుంటే అది నడుములోని నరం కావచ్చు, డాక్టర్‌కు చూపించు. నొప్పి తెలియకుండా మాత్ర వేసుకునో ఇంజెక్షన్ చేయించుకునో పరుగెత్తమని ఎవరైనా చెబితే వినొద్దు. పరుగెత్తేటప్పుడు గుండెల్లో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవాళ్ళు ఉన్నా, ముందు ఈసీజీ తీయించుకుని డాక్టర్ సరే అన్నాకే ట్రాక్ ఎక్కు. సెలెక్షన్ల గ్రౌండ్లలో ప్రాణాలు పోయిన సంఘటనలు మనం పేపర్లలో చదివాం.

800 మీటర్లకు ప్రాక్టీస్ చేసే అమ్మాయిలకూ ఇదే వార్మప్. ఆంధ్రలో రాసేవాళ్ళకు టైమింగులు వేరు, వరుస మాత్రం ఇదే.

ఈ రెండు వారాలు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. వార్మప్ ఎంతసేపు చేశావు, ఎన్నో రౌండ్‌లో పట్టింది, ఎక్కడ పట్టింది, టవల్‌తో లేపినప్పుడు రెండు కాళ్ళకూ తేడా ఎంతుంది, ఇవి రాయి. రెండు వారాలయ్యాక కూడా అదే చోట పడుతుంటే ఆ నోట్‌బుక్ తీసుకుని ఫిజియోథెరపిస్ట్ దగ్గరకు వెళ్ళు. తొడను తాకకముందే సగం సంగతి ఆయనకు అందులోనే దొరుకుతుంది.